శిఖరం మీద ఉసిరికాయ

ఆలంపూర్ నవబ్రహ్మాలయాల ప్రాంగణంలో నిలబడి తల ఎత్తితే, శిఖరం కొసన గుండ్రటి రాయి ఒకటి కనిపిస్తుంది. పైనుంచి అదిమినట్టు బల్లపరుపుగా ఉంటుంది. చుట్టూరా నిలువు గాడులు. శిల్పశాస్త్రంలో దాని పేరు ఆమలకం, మన ఉసిరికాయే. కార్తీకమాసంలో ఏ చెట్టు కింద విస్తళ్లు వేసుకుని వనభోజనాలు చేస్తామో, ఆ చెట్టు కాయ తుంగభద్ర ఎడమ ఒడ్డున పదమూడు వందల ఏళ్లుగా గుడి నెత్తిన కూర్చుని ఉంది.

నేను డ్రాయింగ్ మాస్టారిని. పాలమూరు బళ్లలో పిల్లలకు బొమ్మలు నేర్పుతూనే తల నెరిసింది. ప్రకృతిని చూసి స్ఫూర్తి పొందాలన్న మాట మా పాఠాల్లో మొదటి రోజు నుంచీ ఉంటుంది. పిల్లలు తలూపుతారు. తోటలోకి పోయి మందారం చూస్తారు, వచ్చి మందారం బొమ్మ వేస్తారు. బాగానే ఉంటుంది. కానీ చెట్టు దగ్గర్నుంచి కళాకారుడి చేతికి నిజంగా వచ్చేదేమిటి? అది నాకు విడమరిచి చెప్పినవి ఆలంపూర్ గుళ్లు. ఆ తరువాత ఒక వడ్లాయన, మా అమ్మ.

ఉసిరికాయ సంగతే ముందు చెప్తాను. పచ్చి కాయను అరచేతిలో పెట్టుకుని వెలుతురులో తిప్పి చూడండి. తొక్క నున్నగా, లేత ఆకుపచ్చగా, లోపలి కండ తెలిసీ తెలియనట్టు ఉంటుంది. తొడిమ నుంచి అడుగు దాకా ఆరు సన్నటి గీతలు దిగుతాయి. అవి గాడులని కూడా అనలేం. కంటికి కనిపించినంతగా వేలికి తగలవు. ఇక శిఖరం మీది రాయిని చూడండి. దానికి ఆరు గీతలతో సరిపోలేదు, చుట్టూ దట్టంగా లోతైన గాడులు, గాడికీ గాడికీ నడుమ ఉబ్బెత్తు పలకలు. కాయ ఉండలా ఉంటే రాయి చక్రంలా ఉంది. పక్కపక్కన పెట్టి మార్కులు వేసే పంతులైతే ఈ బొమ్మకు సున్నా వేస్తాడు. అది ఉసిరి కాదు, తామర అని వాదించిన పండితులూ ఉన్నారు. నా మనసు మాత్రం ఉసిరి దగ్గరే నిలిచింది. శిల్పి ఆ కాయలోంచి ఒకే ఒక్క గుణాన్ని ఏరుకున్నాడు. గుండ్రటి వస్తువును నిలువు గీతలు పంచుకునే తీరు అది. తక్కినదంతా చెట్టుకే వదిలేశాడు.

ఆ ఒక్క గుణమే ఎందుకు ఏరుకున్నట్టు? ఈ శిఖరాలు నిటారుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. ఒక వరస మీద ఇంకో వరసను కాస్త కాస్త లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయిన రాళ్లు అవి. చివరికి పైన మిగిలిన ఖాళీని మూయాలి. లోపలికి ఒరిగిన రాళ్లు కదలకుండా నెత్తిన బరువు పెట్టాలి. అంటే వెడల్పాటి, బరువైన మూత ఒకటి కావాలి. నున్నటి మూత పెడితే కింది నుంచి పైకి లేచి వచ్చిన గీతలన్నీ అక్కడికక్కడే తెగిపోతాయి. గాడులున్న మూత పెడితే అవి ఇంకాస్త సాగి కలశం మొదట్లో కలుసుకుంటాయి. పొద్దు తిరిగేకొద్దీ గాడుల్లో నీడ కదులుతుంది, అంత బరువూ కంటికి తేలికవుతుంది. శిఖరం నాలుగు మూలల్లో అంతస్తు అంతస్తుకూ ఇవే ఉసిరికలు చిన్నవిగా మళ్లీ వస్తాయి. వాటిని చూసుకుంటూ పోతే శిఖరం ఎన్ని మెట్లుగా లేచిందో కన్ను తనంతట తానే లెక్కపెట్టుకుంటుంది. పని ముందు పుట్టింది. పనిలో చిక్కు వచ్చింది. ఆ చిక్కును బుర్రలో వేసుకుని తిరుగుతున్న మనిషికి చెట్టు కింద జవాబు దొరికింది. నేనైతే అలాగే ఊహించుకుంటాను, ఎందుకంటే ఆ ప్రాంగణంలో ఎటు చూసినా ఇదే తంతు కనిపిస్తుంది.

స్తంభాలు చూడండి. కుండ ఒకటి, దాని మూతిలోంచి పొంగి పొర్లి నాలుగు వైపులా వేలాడే ఆకులు. పూర్ణకలశం మంగళకరం, గుడిలో ఉండాల్సిందే, అంతవరకూ అందరికీ తెలుసు. కానీ ఒకసారి ఆ ఆకుల దగ్గరికి పోయి, అవి ఎక్కడెక్కడ వేలాడుతున్నాయో గమనించండి. కుండ గుండ్రం. దాని మీద మోపిన రాయి నలుచదరం. గుండ్రటి దాని మీద చదరం పెడితే నాలుగు మూలలూ గాలిలో ఉంటాయి, కింద వెలితి మిగులుతుంది. ఆ నాలుగు వెలితులనూ ఆకుల గుత్తులు కప్పాయి. గుండ్రం ఎక్కడ ఆగి చదరం ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. ఒక ఆకు కొసన రాయి సన్నగా మెలి తిరిగి, తన బరువుకు తానే వంగినట్టు ఉంటుంది. దాని కింద పొద్దుటి పూట వేలెడంత నీడ పడుతుంది. మా బడి పిల్లలు ఆ ఆకును గీస్తున్నప్పుడు నేను చెప్పేది ఒక్కటే: ఆకును కాదు, ఆకు చేస్తున్న పనిని గీయండి.

చాళుక్యుల కాలపు పని ఇదంతా. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దం నడుమ నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా ఇక్కడ తొమ్మిది శివాలయాలు కట్టించారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మలు. స్వర్గబ్రహ్మాలయం 681 నుంచి 696 దాకా ఏలిన వినయాదిత్యుడి కాలపుది. శివుడి గుళ్లకు బ్రహ్మ పేర్లు ఎందుకొచ్చాయని అడిగితే, ఇవి సిద్ధుల రసవైద్యంలోని ఓషధుల పేర్లని పెద్దలు చెబుతూ వచ్చారు. అర్కమంటే జిల్లేడు, పద్మమంటే తామర, అవి మనందరికీ తెలిసినవే. ఆ మాట ఎంతవరకు చరిత్రో తేల్చే పని నాది కాదు గానీ, నాకెంతో ఇష్టమైన మాట అది. చేను గట్టున ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే జిల్లేడు పేరు ఒక గుడికి ఉందనుకుంటే, ఆ గట్టు మీద నడిచేటప్పుడు అడుగు కాస్త చూసి వేస్తాం. ఈ ఊరి శాసనాలనూ శిల్పాలనూ జీవితమంతా చదువుకున్న గడియారం రామకృష్ణ శర్మ తన ఆత్మకథకు ‘శతపత్రం’ అని పేరు పెట్టుకున్నారు. నూరు రేకుల తామర అది. ఆ పుస్తకానికి 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ నేల మీద బతికినవాళ్ల ఊహ పూల వైపు అంత సహజంగా పోతుంది.

తామర అంటే మ్యూజియంలోని అమ్మ గుర్తొస్తుంది. గుడికి దగ్గర్లోనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. అందులో లజ్జాగౌరి శిల్పం, సంతానం కోసం మొక్కుకునే తల్లి. నిండు స్త్రీ దేహం, మెడ పైన తల ఉండాల్సిన చోట విచ్చిన తామర. మొదటిసారి చూసిన పిల్లలు ఉలిక్కిపడతారు, తరువాత చాలాసేపు అక్కడే నిలబడిపోతారు. భూమికి, పుట్టుకకు, సమస్తానికీ తల్లి అయిన ఆమెకు ఏ ముఖం చెక్కాలి? ఏ ముఖం చెక్కినా ఆమె ఎవరో ఒక స్త్రీ అయిపోతుంది. ఇంత పెద్ద ప్రశ్నకు ఆ శిల్పి చెరువు వైపు చూశాడు. బురదలోంచి లేచి విచ్చుకునే పువ్వును తెచ్చి మెడ మీద పెట్టాడు. నేను చూసిన బొమ్మల్లో దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

ఇక కట్టె సంగతి. ఈ శిఖరాల ఒంటినిండా గుర్రపు నాడా ఆకారంలో చిన్న చిన్న గవాక్షాలుంటాయి, ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి వల పరిచినట్టు. వాటి పుట్టుక రాతిలో జరగలేదు. వెదురునూ దూలాలనూ వంచి, పైన గడ్డి కప్పిన ఇళ్ల ముంగిట వాటి మూలం ఉంది. ఈ సంగతి కళ్లారా చూడాలంటే గుంటుపల్లి పోవాలి, ఇప్పటి ఏలూరు జిల్లాలోకి. అక్కడి బౌద్ధ గుహల్లో గుండ్రటి చైత్యగృహం ఒకటుంది, క్రీస్తుకు పూర్వం తొలిచినది. లోపలికి పోయి పైకి చూస్తే, రాతి కప్పు కింద దూలాలు గుడిసె కప్పులో ఉన్నట్టే నడిమికి వచ్చి కలుస్తాయి. అవి దేన్నీ మోయడం లేదు. కొండే కప్పు, దూలాలతో దానికేం పని? అయినా తొలిచినవాళ్లు ఒక్కొక్కటీ ఓపిగ్గా చెక్కారు. ఇల్లంటే అలాగే ఉండాలని వాళ్ల చేతులకు అలవాటు. మహారాష్ట్రలోని కార్లే గుహలో నిజం కట్టె వాసాలే నేటికీ రాతి కప్పును అంటుకుని ఉన్నాయి.

గుంటుపల్లి నుంచి ఆలంపూర్‌కు వచ్చేసరికి ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లు గడిచాయి. దూలాలు పోయాయి, కిటికీ పోయింది, ఆ వంపు మాత్రం మిగిలింది. వంచిన కట్టె వెనక్కి తన్నుకుంటూ పట్టి ఉంచే బిగువు ఆ వంపులో ఇంకా ఉంది. అడవిలోంచి వచ్చిన ఒక గుణం ఇంటికి, ఇంటి నుంచి గుహకు, గుహ నుంచి శిఖరానికి చేతులు మారుతూ వచ్చింది. ఆఖరున చెక్కినవాడు వెదురు వంచి ఎరగకపోవచ్చు కూడా.

ఆ బిగువు నాకు రాతిలో కనబడడానికి కారణం మా ఊళ్లో పని చేసిన ఒక వడ్లాయన. ఇంటికి ద్వారబంధం చేయించుకునేటప్పుడు పనిదగ్గర పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. వేప మొద్దు కోయించి తెచ్చాం. ఆయన వెంటనే పని మొదలుపెట్టలేదు. చెక్కను ఎండకు అడ్డంగా పట్టి చూశాడు, తడి గుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు, గోటితో గీరి చేవ ఎక్కడిదాకా ఉందో గుర్తు పెట్టుకున్నాడు. గడప మీద నేను గీసి ఇచ్చిన తీగ నడుమ ఒక ముడి అడ్డం వచ్చింది. చెక్క తిప్పి పెడదామా అని అడిగాను.

“ఎందుకు సారూ, తీగనే తిప్పుదాం,” అన్నాడు. “కట్టె ఎటు పోతే ఉలి అటే పోవాలె. ఎదురుపోతే ఇయ్యాల నీ మాట ఇంటది, రేపు పగుల్తది.”

ముడి చుట్టూ తీగను మెలి తిప్పి, ముడినే మొగ్గ చేశాడు. నేను గీసిన దానికంటే బాగా కుదిరింది. కొమ్మ పుట్టిన చోటే చెక్కలో ముడి పడుతుంది. కొమ్మ పుట్టిన చోటే ఆయన మొగ్గ తొడిగాడు. ఈ సంగతి ఆయన ఆలోచించి చేశాడో, చేతికే తెలుసో నేను అడగలేదు. చిత్రిక పడుతుంటే లేచే పొరలు ఆ చోట మాత్రం సుడి తిరిగి పడేవి, అవి ఇప్పటికీ నా కళ్లముందు ఉన్నాయి. చెట్టును బయటి నుంచి చూసి బొమ్మ గీసేది నేను. ఆయన చెట్టును లోపలి నుంచి, అది పెరిగిన దారిలో చదివాడు.

గద్వాల మాకు ఎంతో దూరం లేదు. అక్కడి మగ్గాల మీద ఈ పాఠమే ఇంకో తీరులో నడుస్తుంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేరు వేరు పోగులను ఒకదానితో ఒకటి మెలిపెట్టి కలిపే పనిని కుట్టు అంటారు. అంచు మీద మామిడి పిందె, హంస, కోటకొమ్మ. పడుగు నిలువు, పేక అడ్డం, ఇక వంపు ఎక్కడిది? దగ్గరి నుంచి చూస్తే మామిడి పిందె వంపంతా చిన్న చిన్న మెట్లే. నేతగాడు కాయ ఆకారాన్ని మెట్ల లెక్కలోకి మార్చుకున్నాడు. చేయి చాచినంత దూరం నుంచి చూస్తే అది మళ్లీ వంపు తిరుగుతుంది. మామిడిచెట్టు ఏమీ మారలేదు. శిల్పి అడిగింది ఒకటి, నేతగాడు అడిగింది ఒకటి.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని మాత్రం నేను ఎన్నడూ కాగితం మీదికి సరిగ్గా తేలేదు, తేవాలన్న పంతమూ ఇప్పుడు లేదు. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటారు. ఎకరాల మేర పరుచుకుంది. ఊడ దిగి మాను అవుతుంది, ఆ మాను మళ్లీ కొమ్మ వేస్తుంది, మొదటి మాను ఎక్కడో తెలియదు. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడ్డాక, 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫొటో చూసి ఎంతోమంది కలవరపడ్డారు, నేనూ పడ్డాను. మనుషులకు పెట్టే సీసాలు చెట్టుకు వేలాడుతున్నందుకు ఎవరూ నవ్వకపోవడం నాకు గొప్పగా అనిపించింది.

అమ్మ దగ్గర నేర్చుకున్నది అన్నిటికంటే పాతది, తెలిసింది మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా. పెత్తరమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా మా ఇంట్లో బతుకమ్మ పేర్చేది అమ్మే. మెట్టపొలాల గట్ల మీద, రాళ్ల నడుమ, వానలు వెనక్కి తగ్గాక తంగేడు పూస్తుంది, గునుగు తెల్లగా లేస్తుంది. ఎవరూ విత్తని తోట అది. తెల్లవారి ఒళ్ల నిండా కోసుకొచ్చిన పూలు చాప మీద పోసి, అమ్మ ముందు గునుగు కాడలన్నీ ఒక్క కొలతకు కత్తిరించేది. కొన్ని కట్టలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టేది. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి మొదటి వరస తంగేడుతో మొదలు. నేను పక్కన కూర్చుని పూలు అందించేవాణ్ణి.

“పువ్వు మొకం బయటికి, కాడ లోపటికి,” అనేది. “కాడలన్నీ నడుమల ఒకదాన్నొకటి పట్టుకోవాలె కొడుకా. నడుమ బోలుగ ఉంటే ఊరి చెరువు దాకా రాదు.”

బయటికి కనిపించేది రంగుల వరసలు. లోపల జరిగేది వేరే. కత్తిరించిన కాడలు, మిగిలిన ఆకు, తుంచిన రెమ్మలు నడుమ దట్టంగా కూరుకుంటూ పోవాలి. ప్రతి వరసా కింది వరస కంటే రవ్వంత లోపలికి జరగాలి. మరీ జరిగితే ఎత్తు రాదు, జరగకపోతే ఒరుగుతుంది. చివరికి గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. ఎన్నో ఏళ్ల తరువాత ఆలంపూర్‌లో పిల్లలకు శిఖరం కట్టుబడి వివరిస్తూ, వరస మీద వరస లోపలికి జరుపుతారని చేతులతో చూపిస్తుంటే, ఆ చేతి కదలిక అమ్మదని తెలిసి కాసేపు మాట రాలేదు. చాళుక్యుల స్థపతి, మా అమ్మ ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఒకే చిక్కు ముందు కూర్చున్నారు. ఆయన రాళ్లతో విప్పాడు, ఆమె గునుగు పూలతో విప్పింది. ఆమె శిఖరం ఒక్క సాయంత్రం ఉండి నీళ్లలో కలిసిపోతుంది. అందుకని అది తక్కువ కళ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తంగేడు కాడ ఎంత పొట్టిదో, గునుగు కాడ ఎంత గట్టిదో, ఏది కింద ఉండాలో ఏది పైన ఉండాలో మా ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ డ్రాయింగ్ మాస్టారికీ తెలియదు. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. వేదికల మీద కొలతలు పెట్టి కట్టే భారీ బతుకమ్మల కంటే, ఇంటి చాప మీద కాడలు కొలిచి కత్తిరించే ఆ ఓపికను బడిలో పాఠంగా పెడితే నాకు ఎక్కువ సంతోషం.

ఇప్పుడు మా తరగతిలో పూలబొమ్మలు వేయండని పంపడం లేదు. ముందు ఒక పని చెప్తాను, తరువాత తోటలోకి పంపుతాను. కిందటేడు ఇచ్చిన పని: పలచటి కాగితం ఒక్కటే తీసుకోండి, జిగురు లేదు, పుల్ల లేదు, అది తన కాళ్ల మీద నిలబడి నోటుపుస్తకాన్ని మోయాలి. పిల్లలు కాగితం చుట్టారు, మడిచారు, నలిపారు. ఒక అమ్మాయి గోడ అవతలి తాటిచెట్టును చాలాసేపు చూసి, రాలిన ఆకు ఒకటి ఈడ్చుకొచ్చింది. అంత వెడల్పు ఆకు వంగకుండా ఎలా నిలుస్తుందో వేళ్లతో మడత మడతా తడిమి చూసింది. తరువాత కాగితాన్ని సన్నటి మడతలుగా, ఒకటి పైకి ఒకటి కిందికి మడిచి, గుండ్రంగా నిలబెట్టి పైన పుస్తకం పెట్టింది. నిలిచింది. ఇంకో పుస్తకం పెట్టింది. అదీ నిలిచింది. ఆ మడతల కాగితం పైనుంచి చూస్తే ఆమలకం లాగే ఉందని ఆమెకు తెలియదు. నేనే ఆలంపూర్ తీసుకుపోయి చూపించాను.

ఈ వానాకాలానికి ఇవ్వాల్సిన పని కూడా అనుకున్నాను: నీటిచుక్క ఒక్కటీ నిలవకుండా అన్నిటినీ ఒకే చోటికి తెచ్చి వదిలే కప్పు కావాలి, అరచేయంత చాలు, మట్టితో చేసినా అట్టతో చేసినా సరే. వాన పడుతున్నప్పుడే వాళ్లను బయటికి పంపాలి. చేమ ఆకు చూస్తారో, రావి ఆకు తోక చూస్తారో, నేను ఇప్పటిదాకా గమనించని ఇంకేదో చూసి వస్తారో వాళ్ల ఇష్టం. తడిసి వస్తే తిట్టవద్దని తల్లిదండ్రులకు ముందే చెప్పి పెట్టాలి.